మాడు మీద మాగాణి

మన దగ్గర ప్రతి సెంటు భూమికీ సర్వే నంబరుంది, పాసు పుస్తకముంది, అన్నదమ్ముల తగాదా ఉంది. మగవాడి నెత్తి మీది నేలకు మాత్రం ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ అడంగల్ రాయలేదు. సుమారు లక్ష వెంట్రుకల మొక్కలు, నెలకు సెంటీమీటరు ఎదుగుదల, రోజుకు 50 నుంచి 100 దాకా సహజంగా రాలడం. ఇంత పంట పండే నేలకు ఒక వ్యవసాయాధికారి లేడు, గిట్టుబాటు ధర లేదు, కరువు మండలంగా ప్రకటించే నాథుడూ లేడు. నకిలీ విత్తనాల వ్యాపారులు మాత్రం సందుకొకరున్నారు. అందుకే ఏలినవారి పరిశీలనకు ఈ ముసాయిదా.

సర్వే పని మనకు తప్పింది. అమెరికాలో హామిల్టన్ అనే ఆయన 1951లోనే మగ నెత్తులను వరసబెట్టి చూసి బట్టతలకు తరగతులు కట్టాడు. 1975లో నార్‌వుడ్ అనే వైద్యుడు దాన్ని దిద్ది 7 దశలు చేశాడు. రెండో దశలో కణతల దగ్గర గట్టు కాస్త వెనక్కి జరుగుతుంది. మూడో దశలో అది లోతైన కోత. ఆ తర్వాత నడినెత్తిన ఒక చెరువు తవ్వుకుంటుంది, చెరువూ కోతా కలిసిపోతాయి. ఏడో దశకు చెవి నుంచి చెవికి వెనకగా గుర్రపునాడా ఆకారంలో ఒక కట్ట మిగులుతుంది. మనిషి సాధారణంగా మూడో దశలో అద్దం చూస్తాడు, నాలుగులో నూనె కొంటాడు, ఆరులో డాక్టరు దగ్గరికి వెళతాడు. మందులు బాగా పనిచేసేది రెండు, మూడు దశల్లో. ఎండిపోయాక ఎరువేసే రైతును ఊరంతా నవ్వుతుంది గానీ, ఇక్కడ మాత్రం అదే ఆనవాయితీ.

ఇక నేరస్థుడెవరు? హైదరాబాద్‌లో ఎవరిని అడిగినా ఒకటే మాట: బోరు నీళ్లు. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఒత్తుగా ఉండేదట, ఉద్యోగానికి వచ్చిన రెండేళ్లకే పోయిందట. ఉద్యోగం వచ్చే వయసూ, వంశం నుంచి వచ్చిన బట్టతల మొదలయ్యే వయసూ ఒకటేనన్న సంగతి నీళ్ల ట్యాంకు మీద రాసి ఉండదు కదా. నీళ్ల తర్వాతి ముద్దాయి హెల్మెట్టు. ఈ రెండు అభియోగాలకూ ఒకే చిక్కు. షవరు కింద నిలబడ్డవాడి మెడ వెనక కూడా అవే నీళ్లు పడతాయి. హెల్మెట్టు వెనక భాగాన్నీ కప్పుతుంది. అయినా ముందుభాగాన్నీ నడినెత్తినీ మాత్రమే ఎంచుకుని ఊడ్చేసి, వెనక కట్టను గౌరవంగా వదిలేశాయంటే, ఆ నీళ్లకు మనకన్నా వివేకముందని ఒప్పుకోవాలి. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడమంటే ఇదే.

అసలు దొంగ ఇంట్లోవాడే. ఒంట్లోని టెస్టోస్టెరాన్‌ను 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైము డీహెచ్‌టీ అనే మరో హార్మోనుగా మారుస్తుంది. ముందుభాగపు కుదుళ్లకు దాన్ని తట్టుకోలేని బలహీనత పుట్టుకతో వచ్చింది. అది తగిలిన కొద్దీ ప్రతి కాపుకూ కుదురు చిక్కుతుంది, వెంట్రుక సన్నబడుతుంది, చివరికి నూగు మిగులుతుంది. వెనక కట్ట కుదుళ్లు ఆ హార్మోనును పట్టించుకోవు. ఈ లోపం తల్లి వైపు నుంచి రావచ్చు, తండ్రి వైపు నుంచీ రావచ్చు. మేనమామ నెత్తినొక్కదాన్నే తప్పుపట్టడం కుటుంబ రాజకీయం తప్ప శాస్త్రం కాదు.

జ్వరాల సంగతి వేరే ఖాతా. డెంగీయో టైఫాయిడో వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకు దువ్వెన నిండా జుట్టు వస్తుంది. తల మొత్తం మీద సమంగా పలచబడుతుంది, ఆర్నెల్లలో చాలావరకు తనంతట తానే మొలుస్తుంది. ఈ ఆర్నెల్ల మధ్యలో ఏ సీసా కొంటే ఆ సీసాకు పేరొస్తుంది. తెలుగునాట సగం నూనెల కీర్తి ఇలా దోమలు పెట్టిన భిక్షే.

ఉల్లిరసం వాదులు తమకు శాస్త్రం ఉందంటారు. ఉంది కూడా. 2002లో అచ్చయిన ఒక చిన్న పరిశోధనలో పేనుకొరుకుడు ఉన్నవారికి ఉల్లిరసం రాస్తే చాలామందికి జుట్టు వచ్చింది. పేనుకొరుకుడంటే ఒంటి రక్షణ వ్యవస్థే కుదుళ్ల మీద పడితే బిళ్లంత మేర ఊడిపోయే జబ్బు. వంశపు బట్టతలకూ దానికీ ఒకటే పోలిక, రెండిట్లోనూ జుట్టుండదు. గుంటగలగరాకు, మందారం, ఉసిరి, ఆముదం అన్నీ ఉన్న జుట్టుకు నిగనిగ ఇస్తాయి. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే, జుట్టున్నయ్య ఏ నూనె రాసినా గుణమే. మన చట్టానికి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్-జె అనే జాబితా ఒకటుంది. ఫలానా జబ్బుల్ని నయం చేస్తానని ఏ మందూ చెప్పుకోకూడదని దాని సారాంశం. అందులో బట్టతల పేరు స్పష్టంగా ఉంది. అందుకే తెలివైన వ్యాపారి "మొలిపిస్తుంది" అనడు. "కుదుళ్లకు పోషణ" అంటాడు. పోషణ అన్న ఒక్క మాట వెనక ఎన్ని మేడలు లేచాయో లెక్కలేదు.

పనిచేసే మందుల్లో మొదటిది మినాక్సిడిల్. ఇది బీపీ మాత్రగా పుట్టింది. మింగినవాళ్లకు చెంపలమీదా చేతులమీదా వెంట్రుకలు రావడం చూసి దారి మళ్లించారు. 1988లో 2 శాతం ద్రావణానికి అమెరికా అనుమతి వచ్చింది, తర్వాత 5 శాతం వచ్చింది. మోతాదు పూటకు 1 మిల్లీలీటరు, రోజుకు రెండు పూటలు. ఇది కౌలు వ్యవసాయం. శిస్తు కట్టినన్నాళ్లే పంట మీది. మానేసిన మూడు నాలుగు నెలల్లో భూస్వామి వచ్చి మొలిచినదంతా కోసుకుపోతాడు.

దీన్ని పాడుచేయడానికి మనవాళ్లు కనిపెట్టిన పద్ధతులకు పేటెంటు ఇవ్వొచ్చు. పొద్దున కొబ్బరినూనె దట్టించి దాని మీద మందు చల్లుతారు, మందు చర్మం దాకా దిగదు. పాయ తీసి మాడుకు తగిలించకుండా వెంట్రుకలకు రాస్తారు, వెంట్రుక చచ్చిన పోగు, దానికి మందెందుకు? పొద్దున మరచిపోయి రాత్రికి రెండు మిల్లీలీటర్లూ కలిపి పోస్తారు, నుదుటి మీద కారుతుంది, గుండె దడ రావచ్చు, పంట మాత్రం పెరగదు. రాయగానే పడుకుంటారు, దిండుకు అంటి, దిండు నుంచి చెంపకు అంటి, అక్కరలేని చోట నూగు వస్తుంది. ఆరిన తల మీద రాయాలి, చేతులు కడుక్కోవాలి, నాలుగు గంటలు తల తడపకూడదు, పడుకోవడానికి రెండు గంటల ముందే పని ముగించాలి. ద్రావణంలోని ప్రొపిలీన్ గ్లైకాల్ పడక దురద పుడితే నురగ రకానికి మారాలి. ఇంట్లో పిల్లి ఉంటే సీసా దాచాలి, ఆ తలను నాకనివ్వకూడదు. ఈ మందు పిల్లులకు ప్రాణాంతకం.

అసలు పరీక్ష రెండో వారం నుంచి ఎనిమిదో వారం దాకా. నిద్రపోతున్న పాత వెంట్రుకలను తోసేసి కొత్తవి బయల్దేరతాయి కాబట్టి, మందు పనిచేస్తోందనడానికి తొలి గుర్తు జుట్టు ఇంకా ఎక్కువ ఊడటమే. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని జనం సీసా విసిరేసేది సరిగ్గా అప్పుడే. ఫలితం తేలడానికి నాలుగు నెలలు, తీర్పు రాయడానికి ఏడాది.

రెండోది ఫినాస్టెరైడ్. డొమినికన్ రిపబ్లిక్‌లో కొన్ని కుటుంబాలకు పుట్టుకతో ఈ 5-ఆల్ఫా రిడక్టేజ్ లోపం ఉందని 1974లో పరిశోధకులు రాశారు. ఆ లోపమున్న మగవాళ్లకు ప్రోస్టేటు గ్రంథి పెరగదు, బట్టతల రాదు. అది చదివి ఎంజైమును అడ్డుకునే మాత్ర తయారు చేశారు. 1992లో 5 మిల్లీగ్రాములది ప్రోస్టేటుకు, 1997లో 1 మిల్లీగ్రాముది జుట్టుకు వచ్చింది. రెండేళ్ల పరీక్షలో ఈ మాత్ర వేసుకున్నవారిలో 83 శాతం మందికి నడినెత్తిన వెంట్రుకల లెక్క తగ్గలేదు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 28 శాతం మందికే ఆ భాగ్యం. ఈ అంకెను ఏ నూనె సీసా మీదా చూడరు.

దీనికి డాక్టరు చీటీ కావాలి, చీటీతో పాటు ఒక సంభాషణ కూడా కావాలి. కొద్దిమందిలో కోరిక తగ్గుతుంది, పటుత్వం తగ్గుతుంది, కొందరికి మనసు కుంగుతుంది. అలాంటిది కనిపిస్తే దాచకుండా చెప్పి ఆపాలి. కొద్దిమందిలో మాత్ర మానినా ఆ ఇబ్బందులు కొనసాగినట్టు నమోదైంది. యాభై దాటినవారు ప్రోస్టేటు కోసం చేసే పీఎస్ఏ రక్తపరీక్ష చేయించుకుంటే ఈ మాత్ర సంగతి చెప్పాలి, ఎందుకంటే అది ఆ అంకెను దాదాపు సగానికి దించి చూపిస్తుంది. పొదుపరులు 5 మిల్లీగ్రాముల మాత్రను నాలుగు ముక్కలు చేస్తారు. లెక్క బాగానే ఉంది గానీ, ఆ పొడిని కడుపుతో ఉన్న ఇల్లాలు ముట్టుకోకూడదు, కడుపులో మగబిడ్డ ఉంటే ప్రమాదం. ఇంత చెప్పాక మనవాడు "ఇంగ్లీషు మందు, సైడ్ ఎఫెక్ట్స్" అని భయపడి, చిరునామా లేని సీసాలోని నల్లటి ద్రవం నిశ్చింతగా రాసుకుంటాడు.

బయోటిన్ గురించి ఒక్క మాట. రోజుకు 30 మైక్రోగ్రాములు చాలు, అది గుడ్డులో, పల్లీల్లో దొరుకుతుంది. మాత్రలో 10,000 ఉంటుంది. లోపం లేనివాడికి దానితో జుట్టు రాదు, థైరాయిడ్ పరీక్ష మాత్రం తప్పుగా రావచ్చు. ఇక పీఆర్‌పీ. మీ రక్తమే 15, 20 మిల్లీలీటర్లు తీసి, గిరగిరా తిప్పి, పైన తేలిన పసుపు భాగాన్ని నెత్తిన సెంటీమీటరుకొక సూదిపోటుగా గుచ్చుతారు. నెలకొకటి చొప్పున మూడు, తర్వాత ఆర్నెల్లకొకటి. కొందరికి కాస్త ఒత్తు వస్తుంది. ఎంత వేగంతో తిప్పాలి, ఎన్ని నిమిషాలు, ఎన్ని ప్లేట్‌లెట్లు అన్నదానికి ఒక పద్ధతి లేదు. పులిహోరలా ఎవరి చెయ్యి వారిది.

ఇప్పుడు నాట్లు, అంటే హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్. దీనికి మూలపురుషుడు మన దగ్గరే ఉన్నాడనవచ్చు, కాదు, మూలస్త్రీ. గొడ్డలి దెబ్బకు స్వామి తల మీద కొంత మేర జుట్టు లేకుండా పోతే, నీలాదేవి తన కురులు కోసి అక్కడ అతికించిందని తిరుమల కథ. నీలాద్రికి ఆమె పేరే. అయితే దాత వేరు, గ్రహీత వేరు అన్నది దేవుడికే చెల్లింది. మనుషుల్లో పక్కవాడి కుదురు నాటితే ఒళ్లు దాన్ని పీకి పారేస్తుంది. ఎవరి నారు వాళ్ల మడిలోంచే తీయాలి. వెనక కట్ట నుంచి తీసిన కుదురు ముందుకొచ్చినా పాత స్వభావం మార్చుకోదని అమెరికా వైద్యుడు ఆరెంట్రైక్ 1959లో రాశాడు. వ్యాపారమంతా ఆ ఒక్క వాక్యం మీద నిలబడింది.

పద్ధతి వరినాటే. 0.8 నుంచి 1 మిల్లీమీటరు గుండ్రటి బ్లేడుతో ఒక్కొక్క కుదురూ చుట్టూ కోసి పైకి తీస్తారు. ఒక కుదురులో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలుంటాయి. కోణం తప్పితే వేరు తెగి నారు చస్తుంది. తీసిన నారును చల్లటి సెలైన్‌లో ఉంచాలి, గాలికి ఎండితే నిమిషాల్లో పోతుంది. ముందు గట్టున ఒంటి వెంట్రుకల కుదుళ్లే నాటాలి, అవీ ముందుకు వాలుగా. నిలువుగా, వరసగా నాటితే బొమ్మ తలలా ఉంటుంది. చదరపు సెంటీమీటరుకు 35, 40 పడితే చాలు. జీవితం మొత్తానికి నారుమడిలో తీయగలిగేది ఐదారు వేల కుదుళ్లు. ఇరవై రెండేళ్లవాడు పెళ్లిచూపుల తొందరలో గట్టును కనుబొమల దాకా దించమని 3,500 వాడేస్తే, నలభైకి వెనకున్న సొంత జుట్టు కూడా జారిపోయి, ముందు ఒక తోపు, దాని వెనక ఎడారి మిగులుతాయి. నారుమడి అప్పటికే ఖాళీ. అందుకే నాట్లేశాక కూడా మాత్రా మందూ మానకూడదంటారు. ఈ ముక్క హోర్డింగు మీద పట్టదు.

రేటు కుదురు చొప్పున చెబుతారు. తక్కువ రేటు చెప్పినచోట లెక్క కుదుళ్లదో వెంట్రుకలదో అడగాలి. మూడు వెంట్రుకల కుదురును ముక్కలు చేసి మూడుగా లెక్కేసే గణితజ్ఞులున్నారు. మత్తు సూది ఎవరిస్తారు, కోత ఎవరు కోస్తారు అన్నవి ఇంకా ముఖ్యం. 2022 సెప్టెంబరులో జాతీయ వైద్య కమిషన్ మార్గదర్శకాలు ఇస్తూ, వర్క్‌షాపులోనో యూట్యూబులోనో చూడటం శిక్షణ కిందికి రాదని రాయాల్సి వచ్చింది. ఎందుకు రాయాల్సి వచ్చిందో ఊహించుకోండి. జీఎస్టీవారైతే వైద్యసేవల మినహాయింపు నుంచి ఈ నాట్లను పేరుపెట్టి మరీ తప్పించారు, కాలిన గాయాల్లాంటి వాటికి తప్ప. రైతుకు లేని పన్ను ఇక్కడుంది.

మూడో రోజుకు నుదురు, కళ్లు వాస్తాయి. పది రోజులు తల ఎత్తుగా పెట్టి పడుకోవాలి, షవరు ధార తగలనివ్వకూడదు, పొక్కులు గోకకూడదు. రెండు నుంచి ఆరు వారాల్లో నాటిన వెంట్రుకల్లో చాలావరకు రాలిపోతాయి. కుదురు లోపలే ఉంటుంది, మూడు నాలుగు నెలలకు మొలక, ఏడాదికి పంట. ఆ రాలే వారాల్లోనే క్లినిక్కుల ఫోన్లు మోగిపోతాయి.

దుబారా వద్దనుకుంటే ప్యాచ్, అంటే నెత్తికి అతికించుకునే విగ్గు. కల్యాణకట్టలో ఇచ్చిన పొడుగాటి తలనీలాలు దేవస్థానం ఈ-వేలంలో అమ్ముడై, విగ్గుల పరిశ్రమకు వెళతాయి. ఒక నెత్తి మొక్కు మరో నెత్తి కోరిక తీరుస్తుందన్న మాట. ప్యాచ్‌ను జిగురుతోనో టేపుతోనో క్లిప్పులతోనో బిగిస్తారు. మూడు నాలుగు వారాలకోసారి విప్పి, కింద గొరిగి, కడిగి, మళ్లీ అతికించాలి. మే నెల విజయవాడలో చెమటకు ముందంచు లేస్తుంది. గోదావరి పుష్కరాల్లో మూడు మునకలు వేసే ఉద్దేశముంటే ముందు రోజే కొత్త టేపు వేయించుకోవాలి.

చివరిది పంట విరామం. జీరో మెషిన్‌తో వారానికోసారి, లేదా రేజరుతో రెండు రోజులకోసారి. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందన్న ఆశ పెట్టుకోవద్దు, మొద్దు కొస వల్ల మందంగా అనిపిస్తుంది అంతే. కుదుళ్ల సంఖ్య కత్తికి తెలియదు. బోడి నేల త్వరగా మాడుతుంది కాబట్టి ఎస్‌పీఎఫ్ 30 క్రీము రెండు గంటలకోసారి, లేదా ఒక టోపీ. రెండూ లేనప్పుడు ఏ చెట్టు నీడకైనా పోవచ్చు, తాటిచెట్టు మాత్రం వద్దు.