ఐదుసార్ల దిగుబడి చూసి ఉత్ప్రేరకాన్ని నమ్మేస్తే ఎలా?
ఐదుసార్లు వాడినా దిగుబడి 95 శాతం దగ్గరే ఉంది కాబట్టి పల్లాడియం-కార్బన్ (కార్బన్ పొడి మీద పల్లాడియం లోహం అతికించిన ఉత్ప్రేరకం) చెక్కుచెదరలేదని వ్యాసంలో రాశారు. ఆ లెక్క నిలవదు. 2 గంటల్లో పూర్తయ్యే రియాక్షన్‌ని 12 గంటలు నడిపితే, ఉత్ప్రేరకంలో సగం చచ్చిపోయినా చివరికి అదే దిగుబడి వస్తుంది. వాడిన ప్రతిసారీ 20–30 శాతం మార్పిడి దగ్గరే, అంటే ముడిపదార్థంలో అంత భాగం మారగానే, శాంపిల్ తీసి తొలి వేగాలను పోల్చాలి. ఇక వడపోసిన ద్రవంలో లోహం లేదని కూడా ఆ వ్యాసంలో రాశారు, అదీ నిలవదు. కార్బన్-కార్బన్ బంధాలు కలిపే హెక్, సుజుకి రియాక్షన్లలో ఆరైల్ హాలైడ్ (బెంజీన్ లాంటి వలయానికి బ్రోమిన్ వంటి హాలోజన్ అతికిన ముడిపదార్థం) ఉన్నంతసేపు పల్లాడియం ద్రావణంలోకి దిగుతుంది, హాలైడ్ ఖర్చయ్యాక చాలావరకు మళ్లీ కార్బన్ మీదికే చేరుతుంది. అంతా అయిపోయి చల్లారాక వడపోసి చూడటం దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే. 40 శాతం మార్పిడి దగ్గర, రియాక్షన్ నడిచే వేడిలోనే, నైట్రోజన్ కింద వడపోసి, ఆ ద్రవంలో క్షారం వేసి మళ్లీ వేడి చేయాలి. మార్పిడి పెరిగితే పనిచేస్తున్నది కరిగిన లోహమే. పెరగకపోయినా పూర్తి క్లీన్‌చిట్ ఇవ్వలేం, కరిగిన లోహం వడపోతలోనే నల్లగా పేరుకుపోయి ఉండొచ్చు. అందుకే ఆ వేడి ద్రవాన్నే ఐసీపీ-ఎంఎస్‌కి (అతి కొద్దిపాటి లోహాన్నీ కొలిచే పరీక్ష) పంపాలి. నోటి మందుల్లో పల్లాడియం రోజుకి 100 మైక్రోగ్రాములు దాటకూడదని ఐసీహెచ్ క్యూ3డీ (మందుల్లో లోహ మలినాలపై అంతర్జాతీయ మార్గదర్శకం) పరిమితి, కాబట్టి ఫార్మా వాళ్లకి ఇది చిన్న విషయం కాదు. అన్నట్టు, హైడ్రోజనేషన్ (హైడ్రోజన్‌ని కలిపే రియాక్షన్) తర్వాత ఉత్ప్రేరకాన్ని ఫిల్టర్ మీదే గాలికి ఆరబెట్టమన్నారు, అది దయచేసి సవరించండి. హైడ్రోజన్ పట్టుకున్న ఆ పొడి గాలిలో ఆరితే, ద్రావకంగా వాడిన మెథనాల్ ఆవిరికి నిప్పు అంటించగలదు. నైట్రోజన్ కింద వడపోసి, నీళ్లతో తడిగానే ఉంచి, మూతపెట్టి దాచాలి.