ముందు రాయనివ్వండి, తర్వాత మాట్లాడించండి

టీమ్ వర్క్‌షాప్ అనగానే జనం ముఖాలు ఎందుకు మాడిపోతాయో నాకు తెలుసు. పొద్దున్నే అందరినీ గుండ్రంగా నిలబెట్టి, ఒకరి చేతులు ఒకరికి మెలిపెట్టించి, "ఇప్పుడు విడిపించుకోండి" అంటారు. ఒకసారి ఆ ఆటలో నా పక్కనున్నావిడకి భుజం నొప్పి. అంతమందిలో చెప్పలేక పళ్ల బిగువున ఓర్చుకుంది. ఆట అవగానే చప్పట్లు కొట్టించి, నేరుగా స్లైడ్లలోకి వెళ్లిపోయారు. అది ఎందుకు ఆడించారో చెప్పినవాళ్లు లేరు. ఆవిడ ఆ రోజంతా మళ్లీ నోరు విప్పలేదు.

ఇలాంటి సెషన్లు నడపడం నా పని కూడా. అందుకే ఇంత మంట. మీటింగుల్లో ఎలాగూ నోరున్నవాళ్లదే రాజ్యం. ఆ రాజ్యాన్ని కాసేపైనా పక్కన పెట్టి, మాట్లాడని మనిషి దగ్గరున్న సంగతి బయటికి తీయడానికే ఈ ఆటలు, యాక్టివిటీలు. ఆ పని చెయ్యని ఆట ఎంత సరదాగా ఉన్నా నాకు అక్కర్లేదు.

అందరూ మొదలుపెట్టేది బ్రెయిన్‌స్టార్మింగ్‌తోనే కదా, అంటే అందరూ కలిసి కూర్చుని తోచిన ఐడియాలు పైకి చెప్పుకోవడం. దాన్ని ప్రచారంలోకి తెచ్చిన అలెక్స్ ఆస్‌బర్న్, కలిసి కూర్చుంటే మనిషికి రెట్టింపు ఐడియాలు వస్తాయని నమ్మాడు. 1958లో యేల్ యూనివర్సిటీ పరిశోధకులు పరీక్షించి చూస్తే తిరగబడింది. నలుగురు కలిసి కూర్చున్నప్పటికంటే, నలుగురూ ఎవరికి వారు ఆలోచించి తర్వాత జాబితాలు కలిపినప్పుడే ఐడియాలు ఎక్కువొచ్చాయి. 1987లో డీల్, స్ట్రోబె అనే ఇద్దరు పరిశోధకులు కారణం కూడా చూపించారు: ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి, ఆగేలోపు బుర్రలో మెదిలింది జారిపోతుంది. ఇన్నేళ్లయినా ఇంకా బోర్డు దగ్గర ఒకరు మార్కర్ పట్టుకుని "చెప్పండి, చెప్పండి" అనడమే చూస్తున్నాను!

రాయించండి. 1968లో జర్మనీలో బెర్న్‌ట్ రోర్‌బాఖ్ 6-3-5 పద్ధతి చెప్పాడు. ఆరుగురు కూర్చుని, ఐదేసి నిమిషాల్లో మూడేసి ఐడియాలు రాసి, కాగితం పక్కవాళ్లకి ఇస్తారు. వాళ్లు చదివి, దాని కింద మరో మూడు రాస్తారు. అరగంటలో 108 ఐడియాలు, ఒక్కరూ ఇంకొకరి మాటకు అడ్డం రాకుండా. అంత టైం లేదంటారా, 1-2-4-ఆల్ ఉంది. ఒక నిమిషం ఒంటరిగా, రెండు నిమిషాలు జంటగా, నాలుగు నిమిషాలు నలుగురితో, ఐదు నిమిషాలు అందరితో. పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది.

ఒక టీమ్‌తో మౌనంగా చీటీలు రాయించాను. పెన్నుల గీతల చప్పుడు తప్ప ఏమీ లేదు. చీటీలన్నీ గోడకి అంటించాక చూస్తే, మూడింటి మీద ఒకటే మాట: "రిలీజ్ రాత్రి ఏదైనా తేడా వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలీదు." మూడు వేర్వేరు చేతిరాతలు. అంతకు ముందు నెలల తరబడి మీటింగుల్లో ఈ మాట ఒక్కసారి కూడా రాలేదు. వాళ్ల మేనేజర్ ఆ చీటీల ముందు చాలాసేపు నిలబడ్డారు.

నచ్చిన చీటీల మీద ఓటుగా చుక్కలు పెట్టించేటప్పుడు కూడా దయచేసి బాస్‌ని ఆఖర్న పెట్టమనండి. ఆయన చుక్క పడ్డచోటే మిగతావన్నీ పడతాయి.

ఇక ఆట తర్వాత మాట. మార్ష్‌మాలో ఛాలెంజ్ చాలామంది ఆడే ఉంటారు. 20 స్పగెట్టి పుల్లలు, కాస్త టేపు, కాస్త దారం, 18 నిమిషాలు; వీటితో వీలైనంత ఎత్తు గోపురం కట్టి, పైన మార్ష్‌మాలో అనే మెత్తటి మిఠాయి నిలబెట్టాలి. చాలా టీములు ఆఖరి నిమిషంలో దాన్ని పైన పెడతాయి, అంతే, గోపురం వంగి కూలిపోతుంది. "మన పనిలో మనం ఆఖరిదాకా పరీక్షించకుండా అట్టే పెట్టుకున్నది ఏది?" అని అప్పుడే అడగాలి. ఆ ప్రశ్నకి కనీసం ఇరవై నిమిషాలు లేకపోతే ఆ ఆట మొదలుపెట్టనే వద్దు.

భుజం నొప్పి ఆవిడను చూశాక నేను ఒక పద్ధతి మార్చుకున్నాను. ఏ ఆటకైనా ముందే చెప్తాను: ఆడటం ఇష్టం లేనివాళ్లు కారణం చెప్పక్కర్లేదు, పక్కన కూర్చుని గమనించి చివర్లో మాకు చెప్పండి. మొన్న అలా కూర్చున్న ఒకాయన నోట్‌బుక్ తెరిచి, మెల్లగా అన్నారు: "ఆ టేబుల్ దగ్గర ఆరుగురున్నారు. మొత్తం ఆటలో ఇద్దరి చేతులే కదిలాయి. మిగతా నలుగురూ ఏదో చెప్పబోయి ఆగిపోయారు, నేను లెక్కపెట్టాను, తొమ్మిదిసార్లు."