ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవలెనని మనవి

ఆ సర్క్యులర్ మళ్లీ వచ్చింది. ఏ ఆఫీసులోనైనా ఒక మెయిల్ వెళ్లకూడని చోటికి వెళ్లిందంటే, వారం తిరిగేలోపు ఇది దిగుతుంది. "ఉద్యోగులందరికీ తెలియజేయునది ఏమనగా, మెయిల్ పంపే ముందు చిరునామాను ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవలెనని మనవి." కింద ఓ బొమ్మ. సెండ్ బటన్ మీద ఆగిపోయిన చూపుడువేలు, పక్కన ఎర్ర త్రిభుజంలో ఆశ్చర్యార్థకం. ఇంతటి పరిష్కారం కనిపెట్టిన వాళ్లకు ఇంకా సన్మానం జరగకపోవడం విచారకరం. ఇన్నాళ్లూ ఉద్యోగులు అడ్రసు తప్పయితే బావుణ్ణని మొక్కుకుంటూ మెయిళ్లు పంపుతున్నారు కదా. ఇక బుద్ధి తెచ్చుకుంటారు.

1971లో రే టామ్లిన్సన్ అనే ఇంజనీరు ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి మొట్టమొదటి మెయిల్ పంపినప్పుడు ఆ రెండు యంత్రాలూ పక్కపక్కనే ఉన్నాయి. పంపిందీ ఆయనే, అందుకున్నదీ ఆయనే. తప్పు మనిషికి పంపుదామన్నా అక్కడ రెండో మనిషి లేడు. ఆ స్వర్ణయుగం గడిచిపోయింది. ఇప్పుడు రెండక్షరాలు కొట్టేసరికి మెయిల్ ప్రోగ్రామే చొరవ తీసుకుని మిగతా పేరు పూరిస్తుంది. ఒకే పేరుతో ముగ్గురుంటారు. ఒకరు మన టీమ్, ఒకరు కస్టమర్ కంపెనీ, ఇంకొకరు ఎప్పుడో ఇంటర్వ్యూకి వచ్చి సెలెక్ట్ కాని అభ్యర్థి. ఈ ముగ్గురిలో జీతాల షీటు ఎవరికి వెళ్లాలో ప్రోగ్రామ్‌కి తెలియదు. దానికి తెలిసిందల్లా మీరు తొందరలో ఉన్నారని. తొందరలో ఉన్నవాళ్లకు సాయపడాలన్నదే దాని తాపత్రయం.

ఆ సాయం ఎంత దూరం వెళ్తుందో ఆస్ట్రేలియా చూపించింది. 2014 నవంబరులో బ్రిస్బేన్‌లో జీ20 సదస్సు. దానికి వచ్చే 31 మంది నేతల వీసా పనులు చూసిన ఇమిగ్రేషన్ శాఖ ఉద్యోగి ఒకరు వాళ్ల వివరాలన్నీ మెయిల్‌లో పెట్టి పంపారు. పేరు, పుట్టినతేదీ, పాస్‌పోర్టు నంబరు, వీసా నంబరు. ఒబామా, పుతిన్, మెర్కెల్, షీ జిన్‌పింగ్, మన మోదీ, అందరివీ. ప్రోగ్రామ్ దానంతటదే పూరించిన పేరును చూసుకోకపోవడంతో ఆ మెయిల్ ఆసియా కప్ ఫుట్‌బాల్ టోర్నీ నిర్వాహక కమిటీలోని ఒకాయనకు చేరింది. పాపం ఆయన పరిస్థితి ఊహించండి. గోల్‌పోస్టుల వలలు ఎప్పుడొస్తాయా అని ఇన్‌బాక్స్ తెరిస్తే, పుతిన్ గారి పాస్‌పోర్టు నంబరు. ఏ జట్టు కోచో ఏమో అనుకున్నా తప్పులేదు. ఆయన దాన్ని డిలీట్ చేశారు. ఇమిగ్రేషన్ శాఖ, ప్రమాదం చాలా తక్కువ కాబట్టి ఆ 31 మందికీ ఈ సంగతి చెప్పనక్కర్లేదని తేల్చింది. వాళ్లకు తెలిసింది దాదాపు ఐదు నెలల తర్వాత పత్రికలు చెబితేనే.

ఒక్క అక్షరంతో జరిగే పనులూ ఉన్నాయి. అమెరికా సైన్యం అడ్రసులు డాట్ ఎంఐఎల్‌తో ముగుస్తాయి. మధ్యలో ఐ ఎగిరిపోతే డాట్ ఎంఎల్. అది ఆఫ్రికాలోని మాలి దేశానిది. అలా దారితప్పిన మెయిళ్లు 2023 జనవరి నుంచి జూలై దాకా పోగుచేస్తే దాదాపు 1,17,000 తేలాయి. వాటిలో సైనికుల వైద్య వివరాలున్నాయి, సైన్యాధిపతి ఇండోనేషియా పర్యటనలో దిగబోయే హోటల్ గది నంబర్లూ ఉన్నాయి. మాలి డొమైన్‌ని నిర్వహించే కాంట్రాక్టరు అంతకు పదేళ్ల నుంచీ అమెరికా వాళ్లకు చెబుతూనే వచ్చాడు. ఇంతకీ ఆసక్తికరమైన విషయం వేరే ఉంది. తమ సొంత డాట్ ఎంఐఎల్ ఖాతాల నుంచి మాలికి వెళ్లే మెయిళ్లను బయటికి పోకముందే ఆపేస్తున్నామని అమెరికా రక్షణ శాఖ పెంటగాన్ చెప్పుకుంది. అంటే ఆపాలనుకుంటే మెషీనే ఆపుతుందన్నమాట. చూపుడువేలు బొమ్మ అక్కర్లేదు.

ఇప్పుడు నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైన ఘట్టం: రిప్లై ఆల్, అంటే మెయిల్ అందుకున్న అందరికీ ఒకేసారి జవాబు పంపే బటన్. 2016 నవంబరులో ఇంగ్లండ్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఓ కాంట్రాక్టు ఉద్యోగి కొత్త మెయిలింగ్ లిస్టు తయారుచేసి, పనిచేస్తోందో లేదో చూద్దామని పరీక్షగా ఒక మెయిల్ కొట్టారు. బ్రహ్మాండంగా పనిచేసింది. సిస్టమ్ పొరపాటున ఆ లిస్టులోకి 8 లక్షలకు పైగా ఖాతాలు చేరిపోయాయి. పోనీ ఒక ఖాళీ మెయిలే కదా, చూసి వదిలేస్తే సరిపోయేది. కానీ మర్యాద తెలిసిన మనిషి ఎక్కడైనా ఉంటాడు. అతను లేచి, "ఈ మెయిల్ నాకు పొరపాటున వచ్చినట్టుంది" అని 8 లక్షల మందికీ విన్నవిస్తాడు. రెండో అతను "నాకు కూడా" అంటాడు. మూడో ఆవిడ "దయచేసి నన్ను ఈ లిస్టు నుంచి తీసేయండి" అంటుంది, తీసేయగలిగే ఒక్క మనిషికి తప్ప లోకంలో అందరికీ. అప్పుడు దిగుతాడు పెద్దమనిషి. "అందరూ రిప్లై ఆల్ నొక్కడం వెంటనే మానండి!" ఎవరికి పంపాడు? అందరికీ. దానికి ఇంకొకరు "మీరు కూడా అదే చేస్తున్నారు, గమనించారా?" అని జవాబు, అదీ అందరికీ. ఈలోగా "నేను సెలవులో ఉన్నాను, 21న వస్తాను" అనే ఆటోమేటిక్ రిప్లైలు. ఎవరో ఓ నవ్వు బొమ్మ పెడతారు. ఒక మేనేజరు "నోటెడ్" అంటాడు. ఏం నోట్ చేసుకున్నాడో ఆ దేవుడికే ఎరుక. అటెస్టెడ్ కాపీ కావాలని ఎవరైనా అడిగారేమో కూడా. ఆ పూట అక్కడి సర్వర్లు చతికిలబడ్డాయి, అసలు పని మెయిళ్లు గంటల తరబడి ఆలస్యమయ్యాయి. ఇదేమీ కొత్త వింత కాదు. 1997లో మైక్రోసాఫ్ట్ లోపలే 'బెడ్లామ్' అనే లిస్టు మీద ఇదే నాటకం ఆడింది. మెయిల్ సర్వర్ తయారుచేసి అమ్మే కంపెనీలో.

పంపిన మెయిల్ని వెనక్కి రప్పించే రీకాల్ గురించి ఎక్కువ చెప్పను. "ఫలానావారు ఈ సందేశాన్ని వెనక్కి తీసుకోగోరుచున్నారు" అని వచ్చేదాకా ఆ మెయిల్‌ని ఎవరూ పట్టించుకోరు, వచ్చాక తెరవనివాడు ఉండడు. పైగా మైక్రోసాఫ్ట్ వారి మెయిల్ ప్రోగ్రామ్ అవుట్‌లుక్‌లో ఆ సదుపాయం సొంత సంస్థ గోడల లోపలే పనిచేస్తుంది. గోడ దాటిన మెయిల్‌కి అది వర్తించదు. మన కొంప ముంచేది గోడ దాటినదే.

మరి దీనికి మందే లేదా అంటే, ఉంది, చవకది. జీమెయిల్‌లో అన్‌డూ గడువు 30 సెకన్ల దాకా పెంచుకోవచ్చు. అవుట్‌లుక్‌లో ప్రతి మెయిల్‌నీ రెండు నిమిషాలు ఆపి పంపేలా రూలు పెట్టుకోవచ్చు, ఎందుకంటే తప్పు జరిగిందని గుండె గుభేల్‌మనేది సెండ్ నొక్కిన మూడో సెకన్లోనే. పాత పేర్ల సూచనలు తుడిచేయొచ్చు. విషయం రాసి, అటాచ్‌మెంట్ పెట్టి, అడ్రసు చివర్న రాయొచ్చు. ఫైలుకు బదులు లింకు పంపితే, తప్పు జరిగినా అనుమతి తీసేయొచ్చు. బయటి అడ్రసు కనబడితే "ఇది బయటికి వెళ్తోంది" అని అడిగేలా, పెద్ద లిస్టు మీద రిప్లై ఆల్ పనిచేయకుండా ఐటీ విభాగం పెట్టగలదు. కానీ అది పెట్టాలంటే ఎవరో కూర్చుని పనిచేయాలి. పోస్టరుకైతే ప్రింటరు చాలు.

అందుకే 'మానవ తప్పిదం' అనే మాట వింటే నాకు నవ్వు రాదు. 2021 ఆగస్టులో అఫ్గానిస్తాన్ తాలిబాన్ల చేతికి వెళ్లింది. బ్రిటన్ సైన్యం పక్కన నిలబడి పనిచేసిన అఫ్గాన్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాక్కున్నారు. సెప్టెంబరు 20న బ్రిటన్ రక్షణ శాఖ నుంచి వాళ్లకు ఒక మెయిల్ వచ్చింది. 245 మంది అడ్రసులూ 'టూ' అనే గడిలో ఉన్నాయి, అందరికీ అందరూ కనిపించేలా. 55 మందివైతే ప్రొఫైల్ ఫొటోలు కూడా. ఇద్దరు రిప్లై ఆల్ కొట్టారు. అందులో ఒకరు తానెక్కడున్నదీ రాశారు. ఇందాక మనం నవ్వుకున్న రిప్లై ఆల్ ఇదే. ఈసారి ఆ మెయిల్ ఏ ఒక్క ఫోనులో తాలిబాన్ల కంటపడినా మనుషులు చచ్చిపోయేవారు. అప్పుడు ఆ శాఖ ఏం చెప్పింది? ఆ మెయిల్ డిలీట్ చేయండి, మీ మెయిల్ అడ్రసు మార్చుకోండి అంది. దాక్కున్నవాళ్లకు! తర్వాత చూస్తే అలాంటివి ఆ నెలలోనే ఇంకో రెండు జరిగాయని తేలింది. అంతమంది ప్రాణాలకు అడ్డుగా ఆ శాఖ పెట్టుకున్నది ఏమిటయ్యా అంటే, పంపేవాడు అడ్రసులను టూకి బదులు, ఒకరివి ఇంకొకరికి కనబడని బీసీసీ గడిలో పెట్టాలని గుర్తుంచుకోవడం. అంతే. ఒక గడి. ఒకడి జ్ఞాపకశక్తి.

పోనీ బుద్ధొచ్చిందా? ఐదు నెలలు తిరక్కుండానే, 2022 ఫిబ్రవరిలో, అదే రక్షణ శాఖ మనిషి 150 మంది వివరాలనుకుని ఒక షీటు మెయిల్ చేశాడు. అందులో కనబడని వరుసల్లో దాదాపు 19 వేల మంది ఉన్నారు. ఆ సంగతి బయటపడ్డాక ప్రభుత్వం కోర్టుకు పరిగెత్తితే, ఈ లీకు గురించే కాదు, కోర్టు ఆదేశం ఉందన్న మాట కూడా ఎవరూ ఎత్తకుండా కోర్టు ఆర్డరు వేసింది. 2025 జూలై దాకా తమ పేర్లు బయటపడ్డాయని ఆ వేలమందిలో చాలామందికి తెలియనే తెలియదు. ఎవరి ప్రాణమైతే పోతుందో వాళ్లకు తప్ప మిగతా అందరికీ గోప్యత దక్కింది.

2021 నాటి ఆ మొదటి మెయిళ్లకు రక్షణ శాఖ మీద 3,50,000 పౌండ్ల జరిమానా పడింది. ప్రభుత్వ శాఖ కట్టిన జరిమానా ప్రభుత్వ ఖజానాకే వెళ్తుంది. ఆ మెయిళ్లలో పేర్లు బయటపడ్డ 265 మందికి, దాదాపు నాలుగేళ్ల తర్వాత, ఒక్కొక్కరికీ 4,000 పౌండ్ల దాకా పరిహారమన్నారు. ఆ కబురు వాళ్లకు చెప్పడానికి మెయిల్ ఎవరు టైపు చేశారో, అడ్రసులు ఏ గడిలో పెట్టారో ఎవరైనా కనుక్కుని చెబితే బావుణ్ణు.