ప్రశ్న అడిగితే నిరాశావాదమా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం... ఎక్కడ నలుగురు తెలుగువాళ్లు కూర్చున్నా పిల్లల చదువు ప్రస్తావన రాక మానదు. 'ఇంకో తరం పోతే ఇక్కడ తెలుగు చదివేవాడు ఉండడు' అని ఒకరనగానే 'మొదలెట్టావా నీ నిరాశావాదం' అని పక్కవాళ్లు నోరు నొక్కేస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

అసలు ఈ 'నిరాశావాదం' అనే మాట పూర్వాపరాలు చూడండి. దేవుడు సృష్టించగలిగిన లోకాల్లో ఇదే మేలైనదని జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ 1710లో రాస్తే, 1737లో ఫ్రాన్స్‌లోని జెసూట్లనే క్రైస్తవ మతగురువుల పత్రిక ఆ వాదానికి 'ఆప్టిమిజం' (ఆశావాదం) అని పేరు పెట్టింది. 1755లో, పండగ పూట జనం చర్చిల్లో ఉండగా భూకంపం పోర్చుగల్ రాజధాని లిస్బన్‌ను నేలమట్టం చేసింది. ఇంత జరిగాక కూడా అంతా మన మంచికేనా అని ఫ్రెంచి రచయిత వోల్టేర్ ఆ వాదాన్ని ఉతికి ఆరేశాడు. ఆ శతాబ్దంలోనే ఎదురు మాటగా 'పెసిమిజం' (నిరాశావాదం) వచ్చింది, లాటిన్‌లో 'అన్నిటికన్నా చెడ్డది' అనే అర్థమున్న పదం నుంచి. తర్వాత జర్మన్ తత్వవేత్త షోపెన్‌హవర్ లాంటివాళ్లు దానికి తత్వం హోదా తెచ్చినా, వాడుకలో మాత్రం ఎదుటివాడి మీద వేసే ముద్రగానే మిగిలింది.

ఎప్పుడూ పుల్లవిరుపు మాటలు వింటే కుర్రాళ్ల ఉత్సాహం చచ్చిపోతుందంటారు, నిజమే. కానీ చేతులెత్తేసినవాడూ, బడికి తెలుగు పంతుల్ని వేయమని అర్జీ పట్టుకుని తిరిగేవాడూ ఒకటెలా అవుతారు? తిరిగేవాడికి ఆశ ఉండబట్టేగా తిరుగుతున్నాడు!

గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే సవర గిరిజనుల భాష నేర్చుకుని, ఆ గిరిజన పిల్లల కోసం వాళ్ల భాషలోనే వాచకాలు రాసి బడులు పెట్టించారు. పుస్తకాల్లోని గ్రాంథికం పిల్లలకు అందడం లేదని పండితులందరితో తలపడ్డారు. 1936లో ఒరిస్సా ఏర్పడి ఊరు అటు వెళ్తే నిరసనగా రాజమండ్రి వచ్చేశారు. జీవితమంతా బాగోలేనిదాన్ని బాగోలేదనే చెప్పిన ఆ మనిషినీ నిరాశావాది అందామా?

ఇంట్లో పొద్దస్తమానం తెలుగే మాట్లాడే పిల్లాడు, శ్రీకాకుళం చుట్టాలు పంపిన శుభలేఖ చేతికిస్తే అక్షరాలు తెలియక తాతకిస్తాడు. తాతే కూడబలుక్కుని ముహూర్తం చదవాలి. సరిహద్దు ఊళ్లలో ఇది ఎవరికీ కొత్త కాదు. దీన్ని చూస్తూ 'అంతా బాగానే ఉంది' అనడం నా దృష్టిలో ఆశావాదం కాదు, పచ్చి నిర్లక్ష్యం. ఏయే బడుల్లో తెలుగు పంతుల పోస్టులున్నాయో, ఎన్ని ఖాళీగా ఉన్నాయో జిల్లా అధికారులు లెక్క బయటపెట్టాలి. ఈసారి ఎవరైనా ఆ అర్జీతో మీ గుమ్మంలోకి వస్తే దయచేసి సంతకం పెట్టండి.