‘ఊరు మారితే ఖర్చు సగం’: ఆ లెక్క ఎక్కడ తప్పుతుంది?

రిటైరైనవాళ్ల కోసమంటూ ఒక సలహా వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. "మహానగరంలో ఇల్లు అమ్మేసి ఓ మోస్తరు నగరానికి మారిపోండి. నెల ఖర్చు సగమవుతుంది. ఆస్పత్రులు ఇప్పుడు అన్నిచోట్లా ఉన్నాయి. వెళ్లగానే ఇల్లు కొనేసుకుని ప్రశాంతంగా ఉండండి" అని. మోస్తరు నగరం మంచి ఎంపికే కావచ్చు. కానీ ఇందులో చెప్పిన కారణాలు నిలబడవు.

ముందు ఆ ‘సగం’ సంగతి. ఊరు మారితే బాగా తగ్గేవి ఇంటి అద్దె, మనుషులతో చేయించుకునే పనుల ఖర్చు. మందులు, ఫోన్ బిల్లు, విమాన టికెట్టు ఊరి సైజు చూసి తగ్గవు. నెల ఖర్చు 100 అనుకుంటే అందులో అద్దె 30, పనివాళ్లకు 15 అనుకుందాం. అద్దె సగమై 15కి, పనివాళ్ల ఖర్చు 10కి దిగినా మొత్తం 80. సొంతింట్లో ఉన్నవాళ్లకు ఆ అద్దె మిగులూ లేదు. ‘చవక నగరాల’ ర్యాంకులను నమ్మేముందు అవి ఎవరి ఖర్చులు లెక్కేశాయో చూడాలి. మెర్సర్ అనే కన్సల్టింగ్ సంస్థ ఇచ్చే జాబితా ఉద్యోగుల్ని విదేశాలకు పంపే కంపెనీల కోసం తయారయ్యేది. అమెరికా కార్మిక గణాంక శాఖైతే 62 ఏళ్లు, ఆపై వయసువాళ్లకు ప్రయోగాత్మకంగా వేరే ధరల సూచీయే కడుతోంది. అందులో వైద్యానికి వాటా ఎక్కువ.

"ఆస్పత్రులు అన్నిచోట్లా ఉన్నాయి." బోర్డులు ఉన్నాయి, నిజమే. పక్షవాతం వస్తే రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపు పడాలి. అంతకన్నా ముందు సీటీ స్కాన్ తీసి, మెదడులో రక్తస్రావం లేదని తేల్చాలి. అర్ధరాత్రి రెండింటికి ఆ స్కాన్ తీసేవాళ్లు, చూసి చెప్పేవాళ్లు ఆస్పత్రిలో ఉంటారా, ఇంటినుంచి రావాలా? పెద్ద రక్తనాళం మూసుకుపోతే గొట్టం పంపి గడ్డను లాగే ఏర్పాటు ఆ ఊళ్లో ఉందా, అంబులెన్సులో వేరే ఊరు పోవాలా? ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు ఇవి కూడా అడిగి రావాలి. డయాలసిస్‌దీ ఇదే కథ: మామూలుగా వారానికి మూడుసార్లు, ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు. సెంటర్ పక్క ఊళ్లో ఉంటే వారంలో మూడు రోజులు దానికే పోతాయి.

వెళ్లగానే కొనడం అన్నిటికన్నా తొందరపాటు. అన్ని కాలాలూ చూసేదాకా, ఓ ఏడాది, అద్దెకుండండి. చిన్న మార్కెట్లో కొన్నంత తేలిగ్గా అమ్ముడుపోదు.

ఇక ప్రశాంతత. కారు నడిపినన్నాళ్లే శివారు హాయిగా ఉంటుంది. చూపు మందగించి తాళం చెవి పక్కన పెట్టాక కావలసింది నడవడానికి ఫుట్‌పాత్, దగ్గర్లో బస్సు, కూర్చోడానికి ఒక బెంచీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వయోవృద్ధులకు అనువైన నగరాలపై ఇచ్చిన మార్గదర్శిలో రవాణా, నివాసం, వైద్యంతో పాటు నలుగురితో కలవడాన్నీ లెక్కలోకి తీసుకుంది. సలహాలో ఆ ఊసే లేదు.

పైగా ఆ సలహా ఆసాంతం ఆలుమగలిద్దరికీ కలిపి రాసినది. ఒకరు పోయాక మిగిలినవాళ్లు ఆ ఊళ్లో ఒంటరిగా బ్యాంకు పని చూసుకోగలరా, రాత్రిపూట తలుపు తట్టడానికి ఎవరైనా ఉన్నారా అన్నది కొనేముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి.