కాగితమే కదా అట!

ఇప్పుడే జపాన్‌లోని ఈ సెందాయ్ బజారు నుంచి వచ్చాను. ఒళ్లు మండిపోతోంది. ఇక్కడ తనబతా అనే నక్షత్రాల పండగ, ఆగస్టు 6 నుంచి 8 దాకా. పైకప్పున్న బజారు వీధి పొడుగునా వెదురు గడలకు కట్టిన కాగితపు కుచ్చులు మొహానికి తగిలేంత కిందికి వేలాడుతుంటాయి. ఒక దుకాణం ముందు మనవాళ్లే, చక్కటి తెలుగు. పిల్లాడు పేచీ పెడుతున్నాడని తండ్రి వాడిని భుజాలకెత్తుకుని, పైనున్న కాగితపు వలని పర్రున లాగించాడు. "అయ్యో, అదేంటండీ" అంటే నవ్వేసి, "కాగితమే కదా బ్రదర్!" దుకాణం ముసలావిడ బయటికొచ్చి ఎదురు తనే వంగి వంగి 'సుమిమాసెన్', అంటే క్షమించండి, అని చెప్పింది. చెప్పాల్సింది ఎవరండీ?

ఆ వల కోసం వాషి అనే జపాన్ కాగితాన్ని మడతలు పెట్టి ఒక గాటు ఈ అంచు నుంచి, ఇంకోటి ఆ అంచు నుంచి పెట్టుకుంటూ పోవాలి. ఒక్కటి అవతలికి దాటిందా, అంతే సంగతులు. నేను మూడుసార్లు చేసి మూడుసార్లూ చింపాను కాబట్టి మాట్లాడే హక్కుంది. చేపలు బాగా పడాలని ఆ వల. కత్తిరించగా రాలిన ముక్కల్ని కూడా పారెయ్యరు. 'కుజుకాగో' అని కాగితపు చెత్తబుట్ట చేసి దాన్నీ దర్జాగా వేలాడదీస్తారు. చెత్తకున్న మర్యాద కూడా మనకి లేదు.

సెందాయ్ ఉన్న ఈ మియాగి ప్రాంతంలోనే మినామిసాన్రికు అనే ఊరుంది. కొత్త సంవత్సరానికి ఇంట్లో దేవుడి అరకు పూజారులు తెల్లకాగితంలో చేపలూ సాకే (బియ్యపు మద్యం) కూజాలూ కత్తిరించి ఇస్తారు, కిరికో అంటారు. 2010లో ఊరి ఆడవాళ్లు ఇంటింటి కథా అడిగి, వాటిని కిరికోలుగా కత్తిరించి గుమ్మాల ముందు కట్టారు. 2011 మార్చిలో సునామీ గుమ్మాలనే పట్టుకుపోయింది. తర్వాత ఆ ఖాళీ జాగాల్లో కిరికో బొమ్మల బోర్డులు నిలబెట్టారు. వెళ్లి అక్కడ అనమనండి, కాగితమే కదా అని!

అయినా ఆయన్నేం అంటాం లెండి, మా ఇంట్లో విన్న మాటే. శ్రీరామనవమి పందిరికి మా చిన్నాన్న రంగు కాగితాలు మడిచి, కత్తిరించి, ఉడికించిన మైదాతో పురికొసకు అంటిస్తూ రాత్రంతా కూర్చునేవాడు. "పనీపాటా లేని సన్నాసి" అని మా నాన్న. ఇప్పుడా గొడవే లేదు. పందిరి నిండా ఫ్లెక్సీ, ఫ్లెక్సీ నిండా సర్పంచ్‌గారి అల్లుడు, ఆయన నల్ల కళ్లద్దాలు. రాముడు మూలన స్టాంపు సైజులో.

చిన్నాన్న కత్తెర మా వంటింట్లో పాల ప్యాకెట్లు కోస్తోంది.