గుడి లేని గుమ్మానికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ ఓరుగల్లు కోట రాతి తోరణం గారికి నమస్కరించి రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు, రోజూ ఎక్కడో ఒకచోట కనిపిస్తూనే ఉన్నారు. సర్కారు కాగితం మీద మీరే, ఊరి మొదట్లో సిమెంటు రూపంలో మీరే. మొన్న మా బంధువుల పెళ్లి స్టేజి మీద థర్మకోల్‌ రూపంలోనూ మీరే. కూలర్ గాలికి కాస్త ఊగారు, నాకు టెన్షన్ పట్టుకుంది.

నాదొక సందేహం. గుమ్మం ఉందంటే లోపల ఏదో ఉండాలి కదండీ? నాలుగు దిక్కులా మీరు నలుగురు తోరణాలు నిలబడి కాపలా కాసిన స్వయంభూ శివుడి గుడి, 1323లో కోట ఢిల్లీ సేనల చేతికి చిక్కాక నేలమట్టమైంది. మిగిలినవి విరిగిన స్తంభాలు, శిల్పాల ముక్కలు. మొన్న పెళ్లి షూటింగుకి వచ్చిన ఓ జంట మీ మధ్య నిలబడి "ఇక్కడ గుడెక్కడుందన్నా?" అని అడిగింది. "మీరు నిల్చున్నది గుళ్లోనే" అన్నాడు గైడు. చెప్పులు విప్పాలో వద్దో ఇద్దరికీ తేలలేదు.

ఆ ఖాళీ చూడలేకే కాబోలు, 2014లో రాష్ట్ర చిహ్నం గీసినవాళ్లు మీ మధ్యలో 1591 నాటి చార్మినార్‌ని కూర్చోబెట్టారు. అద్దెకిచ్చారనుకుందాం.

మీ పనితనానికి వంక పెట్టను. నిలువు స్తంభాలు, వాటి మీద అడ్డంగా రాతి దూలం, కింద వేలాడే తామరమొగ్గలు, కొసల్లో హంసలు. జనం మిమ్మల్ని కమాన్ అంటారు గానీ మీలో వంపు తిరిగిన కమాను ఒక్కటీ లేదు. అది కావాలంటే పక్కనున్న ఖుష్‌మహల్‌కి పోవాలి.

నిజానికి ఈ ఫిర్యాదు రాయాల్సింది మీకు కాదు. మట్టికోట గారికి అడ్రస్ లేక మీకు రాస్తున్నాను. గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తి చేయించిన కోటలో మీరు నడిమింటివారు. మీ చుట్టూ 45 బురుజుల రాతిగోడ, దాని చుట్టూ నీళ్ల కందకం, ఆ అవతల మట్టిగోడ, దానికీ ఓ కందకం. ఊరిని కాచింది ఇవి. 1310 నాటి ముట్టడి గురించి రాస్తూ ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో, ఉక్కు ఈటె పొడిచినా దిగనంత గట్టిదని ఆ మట్టిగోడని మెచ్చుకున్నాడు. శత్రువు మనిషే మెచ్చుకున్నాడండీ! ఇప్పుడు దాని మీద ముళ్లకంపలు, దాని ఒంటిని ఆనుకుని ఇళ్లు. ఈటెకి లొంగనిది అక్కడక్కడ జేసీబీకి లొంగింది. దాన్ని థర్మకోల్‌తో ఎవరు చేయిస్తారు చెప్పండి? మట్టిదిబ్బ ముందు నిలబడి పెళ్లికూతురు ఫొటో దిగుతుందా?

మీరు నలుగురూ ఎత్తుగా ఉన్నారు కదా, అటు కనిపిస్తే దానికి నా నమస్కారాలు చెప్పండి. వచ్చే నెల ఇంకో పెళ్లి ఉంది, అక్కడ కలుద్దాం. ఈసారి కూలర్‌కి కాస్త దూరంగా నిలబడండి.

ఇట్లు,
ఫోన్లో మీ ఫొటోలు పదకొండు, మట్టికోటది ఒక్కటీ లేని
ఒక ఓరుగల్లు వాసి